కోపం వచ్చినప్పుడు ఎవరెక్కడ

11 జూన్ 2007, సోమవారం. కర్నూలు

టాపిక్ ఖాయమైంది. గంటన్నర వాదించాను. గెలిచాను.

ఉమామహేశ్వర సర్ నా గైడు. మంచివాడే, కానీ ఆయనకి ప్రతిదీ వేరువేరు అరల్లో ఉండాలి. ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస ఒక అర, పిల్లల్ని కొట్టడం ఇంకో అర. ఏదో ఒకటి తీసుకోమన్నారు. రెండూ ఒకే ఇంట్లో జరుగుతుంటే ఒకటే ఎలా తీసుకుంటానన్నాను. ఆడవాళ్ళ మీద పనిచేసేవాళ్ళు పిల్లల్ని అడగరు. పిల్లల మీద పనిచేసేవాళ్ళు తల్లుల్ని అడగరు. ఒకే గడప దాటి ఇద్దర్నీ అడిగినవాళ్ళు మన జిల్లాలో ఒక్కరూ లేరన్నాను. లేరని నాకు కచ్చితంగా తెలియదు. అయినా గట్టిగానే అన్నాను.

చివరికి సర్ నవ్వారు. కృపమణీ, నువ్వు రీసెర్చ్‌కి కాదు, ఎలక్షన్‌కి పనికొస్తావన్నారు. ఎమ్మిగనూరు, నేతవాళ్ళ వీధులు, అరవై ఇళ్ళు, ఆరు నెలలు. ఒకే షరతు: చూడాలి, రాయాలి, వేలు పెట్టకూడదు.

దానికేం, సరేనన్నాను.

3 జూలై. ఎమ్మిగనూరు

మల్లక్క ఇంట్లో ముందుగది అద్దెకి దొరికింది. ఆమెకి డెబ్బై దాటి ఉంటాయి. మగ్గం మానేసి ఇప్పుడు రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. నేను వచ్చిన పది నిమిషాల్లో ఊరు, పేరు, కులం, పెళ్ళి అన్నీ అడిగింది. నేనూ అన్నీ చెప్పాను, చర్చికి పోయేవాళ్ళమని కూడా. కాసేపు రాట్నం ఆగింది. తర్వాత, నీళ్ళ బిందె విడిగా పెట్టుకో, గది మాత్రం నీదే అంది.

బజారుకి వెళ్ళి ఎర్ర ప్లాస్టిక్ బిందె కొన్నాను. కోపం వచ్చింది. కానీ పని ముఖ్యం.

9 జూలై

పద్నాలుగు ఇళ్ళు పూర్తి. ఫారంలో ఏడో ప్రశ్న, మీ భర్త మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టారా. పద్నాలుగుమందీ లేదన్నారు. పిల్లల గురించి ఇంకో ప్రశ్న ఉంది, దానికీ లేదే. ఒకావిడ లేదంటూనే, నల్లగా కమిలిన కంటి మీదికి కొంగు లాక్కుంది.

ఎమ్మిగనూరులో దెబ్బలే లేవని రాసి పీహెచ్‌డీ తెచ్చుకోవచ్చు.

ఆడవాళ్ళ తప్పు కాదు. ప్రశ్నే తప్పు.

12 జూలై

మధ్యాహ్నం కరెంటు లేదు. మల్లక్క కండెలు చుడుతుంటే పక్కన కూర్చొని నా గోడు చెప్పుకున్నాను. తలెత్తకుండానే అంది:

"కొట్టినాడా అంటే ఎవురు చెప్తారు పాపా? మొగునికి సిట్టు వచ్చినప్పుడు ఇంట్లో ఎవురెవురు యాడ ఉంటారో అడుగు. అది చెప్తారు."

సిట్టు అంటే కోపం. ఈ పక్క తెలుగులో సగం కన్నడం.

రెండేళ్ళు మెథడాలజీ చదివాను. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ లేదు.

13 జూలై

ఏడో ప్రశ్న కొట్టేశాను.

27 జూలై

పని జరుగుతోంది! తెల్లకాగితం మీద ఇల్లు గీస్తాను. గుంటలో కాళ్ళు పెట్టి నేసే గుంటమగ్గం, పొయ్యి, మంచం, తలుపు. ఆయనకి కోపం వచ్చినప్పుడు ఎవరెక్కడ ఉంటారని అడుగుతాను. వేలితో చూపిస్తారు, నేను గుర్తు పెడతాను. చూపిస్తూ చూపిస్తూ మిగతాది వాళ్ళే చెబుతారు. తల్లులు సంతకం పెట్టిన చోట, హెడ్మిస్ట్రెస్ అనుమతితో బడిలో పిల్లలకీ అలాంటి కాగితమే ఇస్తున్నాను.

తల్లి చూపించిన చోటూ బిడ్డ చూపించిన చోటూ కలవడం లేదు. పిల్లలు బయట ఆడుకుంటుంటారని తల్లులు అంటారు. తలుపు వెనకే ఉన్నామని పిల్లలు గీస్తారు. ఇరవై ఆరు ఇళ్ళలో పంతొమ్మిది అంతే. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే తప్ప ఇది కనపడదు. నేను మొదటినుంచీ అన్నది ఇదే కదా.

సంతోషం పట్టలేక ఈల వేశాను. ఆడపిల్ల ఈల వేస్తుందా అని మల్లక్క తిట్టింది. మళ్ళీ వేశాను.

8 ఆగస్టు

శివపార్వతి ఇల్లు. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడి పేరు ఈరన్న. ఇద్దరూ ఒకే మగ్గం మీద వంతులవారీగా నేస్తారు. కూతురు నాగవేణి ఐదో తరగతి. ఇన్నిళ్ళలో ఇంత సూటిగా చెప్పినామె ఇంకొకరు లేరు. ఆయప్ప మగ్గం గుంటలో, నేను పొయ్యి కాడ, బిడ్డ నా పక్కన అని వేలు పెట్టి చూపించింది. చేతికందితే మొగుడు నాడె విసిరేస్తాడట. నూలుతో అటూ ఇటూ పరిగెత్తే ఆ కొయ్యముక్కకి రెండు కొసలా ఇనప మొన ఉంటుంది. అది తగిలిన చోటు చెవి వెనక చూపించింది.

ఈ మాట బయటికి పోదు కదా అని అడిగింది. పోదని మాటిచ్చాను.

నాకు చాలా నచ్చింది ఆమె. ఇలాంటివి రాయకూడదు. రాస్తున్నాను.

21 ఆగస్టు

నాగవేణి కాగితం వచ్చింది. గుంటలో నాన్న. పొయ్యి దగ్గర తను. తన ఎదురుగా అమ్మ, అమ్మ చేతిలో కర్ర. ఆ కర్ర ఎవరికని అడిగాను.

నాకే మిస్, అమ్మ కొడుతుంది అంది. హోంవర్క్ చూపించినంత మామూలుగా.

నా ఫారంలో రెండు గడులున్నాయి. దెబ్బ తిన్నవారు ఒకటి, కొట్టినవారు ఒకటి. శివపార్వతి పేరు రెండింట్లోనూ రాయాల్సి వచ్చింది. రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

22 ఆగస్టు

ఆగలేకపోయాను. వెళ్ళి చెప్పేశాను. బిడ్డ చెప్పిందని అనలేదు కానీ ఆమెకి అర్థం కాదా? నువ్వు పడిన బాధ బిడ్డకి ఎందుకు పెడుతున్నావని, పిల్లల మనసు మీద ఎలా పడుతుందో, అచ్చం క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆమె నేస్తూనే ఉంది. తర్వాత ఆపింది.

"నీకు బిడ్డలుండారా?"

లేరన్నాను.

"అట్లయితే పో."

27 ఆగస్టు

శివపార్వతే నా గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నేను ముందు కొడితే ఆయప్ప సిట్టు దిగుతాది మేడం. కర్ర ఊరికే పట్టుకుంటా, కొట్టేది చేత్తోనే. ఆయప్ప గుంటలోంచి లేసి వచ్చినాడంటే ఎట్ల కొడ్తాడో నీకు తెల్దు. అదెంత ఏడిస్తే అంత తొందరగా ఊరుకుంటాడు. అందుకే ఏడ్సేదాకా కొడ్తా."

ఊరుకోవడం నాకు చేతకాదు. కారణం ఏదైనా దెబ్బ దెబ్బే అక్కా, బిడ్డ గీసిన బొమ్మలో కర్ర నాన్న చేతిలో లేదు, నీ చేతిలో ఉందని అన్నాను. ఆ మాట ఆమెకి నాడె కంటే గట్టిగా తగిలింది. నాకు తెలుస్తూనే ఉంది. కొంగుతో ముఖం తుడుచుకొని, ఇంక కొట్టను అంది. వెళ్ళిపోయింది.

నోట్‌బుక్‌లో 'ఒక మనిషి మారింది' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

2 సెప్టెంబరు

ఇవాళ మల్లక్క నా ఎర్ర బిందెలోంచి నీళ్ళు ముంచుకొని తాగింది.

19 సెప్టెంబరు. ఉదయం 10

నాగవేణి సోమవారం నుంచి బడికి రావడం లేదట.

మధ్యాహ్నం 2

మోచెయ్యి కుండలా వాచి ఉంది. పసుపు, సున్నం పట్టు వేసి గుడ్డ చుట్టారు. మగ్గం గుంటలో జారి పడిందని తల్లి అంది. జారి పడ్డానని బిడ్డ కూడా అంది, అవే మాటలు, అదే వరస. ఈరన్న ఇంట్లో లేడు.

నేను కదల్లేదు. అప్పుడు శివపార్వతి గోడవైపు తిరిగి చెప్పింది.

"నీ మాట ఇన్నా. ఆదివారం ఆయప్పకు సిట్టొచ్చింది. నేను కొట్టల్యా. చెయ్యి గూడా ఎత్తల్యా. ఆయప్పే లేసొచ్చి బిడ్డ చెయ్యి పట్టుకొని మెలి తిప్పినాడు."

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చూడాలి, రాయాలి, వేలు పెట్టకూడదు. పెట్టాల్సిన వేలు ఆగస్టులోనే పెట్టేశాను, అదీ తప్పు చోట. ఆదోని ఆసుపత్రికి పోవడానికి బస్సు ఎన్నింటికని అడిగాను.

20 సెప్టెంబరు

నిన్న ఆదోనిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరిగింది. దానికి కొంచెం పైన ఎప్పుడో విరిగిన ఇంకో చోటు, దానంతటదే అతుక్కున్నది. ఎవరు చేశారని డాక్టరు అడిగారు.

నేనే అంది శివపార్వతి.

"కాదు. నాయన" అంది నాగవేణి. అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు. బయట బెంచీ మీదున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

తిరుగు బస్సులో నాకు అంతా తేటపడింది. బిడ్డకీ మొగుడికీ మధ్య ఆ తల్లి పెట్టుకున్న అడ్డం ఒకటే. అది పాడు అడ్డమే, బిడ్డకి నొప్పి పుట్టేదే. దాన్ని తీసెయ్యమన్నాను. బదులుగా ఏమీ ఇవ్వలేదు. ఏడ్చాను. కోడుమూరు రోడ్డు కూడలి వచ్చేసరికి ఏడుపు ఆగింది, ఆకలేసింది. దిగగానే శివపార్వతి నాకు మరమరాలతో చేసే ఉగ్గాణి కొనిచ్చింది. నాకు! తిన్నాను.

చెడగొట్టింది నేను. బాగుచేయడమూ నాకు చేతనవుతుంది.

24 సెప్టెంబరు. కర్నూలు

ముందు ఆమెని అడిగాను. బయటికి పోదని మాటిచ్చాను అక్కా, ఇప్పుడు బయటపెట్టనా అని. ఒక రోజంతా ఆలోచించింది. నిన్న సాయంత్రం, పోదాం పా అంది.

గృహహింస చట్టం అమల్లోకి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ప్రొటెక్షన్ ఆఫీసర్ పేరు సుందరలక్ష్మి. బిడ్డ సంగతి వేరే ఆఫీసని మొదట ఆవిడ కూడా అన్నారు. ఆ ఆఫీసుకి పోతే శివపార్వతి కొట్టినామె. ఈ ఆఫీసుకి వస్తే దెబ్బలు తిన్నామె. ఒకే మనిషి, రెండు ఫైళ్ళు! తల్లి కాగితం, బిడ్డ కాగితం పక్కపక్కనే ఆవిడ బల్ల మీద పెట్టాను. మేడం కళ్ళజోడు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని చూశారు. తర్వాత చట్టం పుస్తకం తిప్పి చూపించారు. తల్లి అర్జీలోనే బిడ్డకీ రక్షణ అడగవచ్చట. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకున్నాను.

ఏం కావాలని అడిగారు. ఇల్లు, మగ్గం నాకు కావల్ల, ఆయప్ప బయటికి పోవల్ల అంది శివపార్వతి. మేడం రాస్తుంటే మధ్యలో ఆపింది.

"నేను బిడ్డను కొట్టేది గూడా రాయమ్మా. రేపు కోర్టులో ఆయప్ప చెప్పకముందే నేనే చెప్తా."

మేడం నావైపు చూశారు. నేను శివపార్వతినే చూస్తున్నాను.

26 సెప్టెంబరు

సర్‌కి మొత్తం చెప్పాను. మొత్తం విన్నారు. తర్వాత ఆ ఇల్లు థీసిస్‌లోంచి తీసెయ్యమన్నారు. నువ్వు మార్చిన ఇంటిని నువ్వే కొలవలేవు అన్నారు. రెండు నిమిషాలు వాదించి ఆపేశాను. ఆయన చెప్పింది నిజం. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి ఇల్లు పోయింది.

నేను గుమ్మం దాటుతుంటే, పాప చెయ్యి ఎలా ఉందని అడిగారు.

17 అక్టోబరు. ఎమ్మిగనూరు

మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఈరన్న ఆ గడప తొక్కకూడదు, బడి దగ్గరికి పోకూడదు. పక్క వీధిలో అన్న ఇంట్లో ఉంటున్నాడు. కోర్టులో తల దించుకొని నిలబడ్డాడు. నేను అనుకున్నదానికంటే చిన్నగా ఉన్నాడు మనిషి.

వీధిలో రెండిళ్ళవాళ్ళు నన్ను చూసి తలుపు వేసుకున్నారు. సంసారాలు కూల్చేదాన్నట నేను. ఇంకో నాలుగిళ్ళవాళ్ళు పిలిచి కూర్చోబెట్టారు. రెండు కంటే నాలుగు పెద్దది.

శివపార్వతికి కండెలు చుట్టడానికి మల్లక్క రోజూ పోతోంది. ఎవరూ పొమ్మనలేదు.

8 నవంబరు

చివరి ఇల్లు అయిపోయింది. సెప్టెంబరు నుంచి ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నాను. ఆ కోపాన్ని ఆపడానికి మీరేం చేస్తారు? పాత ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళి అడిగాను. ఏం చెప్పినా, మానుకోమని అనలేదు. సుందరలక్ష్మి మేడం నంబరు రాసిచ్చాను, అంతే.

యాభై తొమ్మిది ఇళ్ళు. పదకొండు ఇళ్ళలో మొగుడికంటే ముందు తల్లే కొడుతుంది. పదకొండుమందీ చెప్పిన కారణం ఒక్కటే. అధ్యాయం రాసి సర్‌కి పంపితే రెండుసార్లు చదివానని ఫోన్ చేశారు. ఒక్క కామా కూడా మార్చలేదు.

మార్చడానికి ఏమీ లేదు మరి. బాగా రాశాను.

16 ఫిబ్రవరి 2008

చాలా రోజులకి శివపార్వతి ఇంటికి వెళ్ళాను. టీ పెట్టింది. పై అరలో ఉన్న చక్కెర డబ్బా కోసం చెయ్యెత్తింది. పక్కనున్న నాగవేణి గబుక్కున తల దించి, మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

శివపార్వతి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. దాన్ని ఎట్లా దించాలో తెలియనట్టు నిలబడింది. తర్వాత మెల్లగా వెనక్కి జరిగింది.

"నువ్వే తియ్యమ్మీ."

నాగవేణి పీట వేసుకొని ఎక్కింది. డబ్బా తీసింది. దిగలేదు. మా ఇద్దరికంటే ఎత్తున అక్కడే నిలబడి, ఎన్ని చెంచాలని అడిగింది.