తాళం వెనక వేలంపాట

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మదనపల్లె ఇంట్లో నీ కంప్యూటర్‌ను మేము ఒక్కసారీ ఆపలేదు. "లైనక్స్ అంటే ఏడాదైనా ఆగకుండా నడుస్తాది, సూడు" అని నాతో పందెం వేసేవాడివి. గెలిచావు.

నువ్వు తయారుచేస్తూ వదిలేసిన టమాటా వేలం ఆట, స్క్రీన్ లాకైనా, వెనక నడుస్తూనే ఉండింది. మార్కెట్ యార్డులో వేలం వేసేవాడికి నీ గొంతే పెట్టావు కదా, పావుగంటకోసారి స్పీకర్‌లోంచి పలికేది. అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేది. ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. "వాడు ఈడనే ఉండాడు గదా, రికార్డు యాల?" అంది.

పూర్తయ్యాక కోడంతా లోకానికి ఉచితంగా ఇచ్చేస్తానన్నావు. డిస్కుకు మాత్రం తాళం వేసి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండా పోయావు. కంప్యూటర్ ఒక్కసారి ఆగిందంటే ఇక ఎవరూ తెరవలేరని కుప్పం నుంచి వచ్చిన నీ స్నేహితుడు చూసి చెప్పాడు.

ఈ రోజు లైను మరమ్మతని పొద్దున్నే కరెంటు తీశారు. మధ్యాహ్నానికి ఇన్వర్టర్ చేతులెత్తేసింది. పాస్టరుగారు నీ జ్ఞాపకార్థ ప్రార్థన మొదలుపెట్టేసరికి కంప్యూటర్ యూపీఎస్ కూయసాగింది. కూతకూ కూతకూ మధ్య ఎడం తగ్గుతోంది. నీ గొంతు రికార్డు చేద్దామని నేను ఫోన్ కోసం లేచాను.

"యాడికి పోతాండావు? కూర్చోమ్మా. వాడు పలికే యాళయింది," అంది అమ్మ.

పాస్టరుగారు ప్రార్థన ఆపేశారు. అందరం స్పీకర్ వైపు తిరిగాం.

"ఒకటోసారి," అన్నావు నువ్వు. "రెండోసారి. ఇంగెవరన్నా ఉండారా అప్పా?"

యూపీఎస్ కూత ఆగిపోయింది, దాంతోపాటు కంప్యూటర్ కూడా. అమ్మ ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని, మూడోసారి కోసం వింటోంది.