డేవిడ్ అన్న చూసిన మొదటి మ్యాచ్

రూతూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నిన్న మీ ఆయన డేవిడ్ అన్న ఇంట్లో ఒక్కడే కూర్చుంటాడని మన రెహానా, నేను వెళ్ళి బయటికి తీసుకొచ్చాం. పొద్దున మొజంజాహీ మార్కెట్ రాతి కమానుల కింద తిరిగి, సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాం. మధ్యాహ్నం నాంపల్లిలో మీ అమ్మాయి స్నేహ ఆడే బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాం. నువ్వు నేర్పిన ఆట కదా, నువ్వు పోయాక అది బ్యాట్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి.

నువ్వు ఆడిన రోజుల్లో ఒక్కసారీ రాని డేవిడ్ అన్న ముందు వరసలో కూర్చున్నాడు. స్నేహ బంతిని గట్టిగానే కొట్టింది కానీ, మొదటి బేస్ చేరేలోపే ఔటైంది. అది తల దించుకుని వస్తుంటే అన్న లేచి నిలబడ్డాడు.

"ఇగ పోదాం. బిడ్డ ఆట అయిపోయింది గదా."

"ఇది క్రికెట్ కాదన్నా. జర ఆగు, దాని వంతు మళ్లా వస్తది," అంది రెహానా.

"నిజంగ మళ్లా వస్తదా?"

"ఔ, వస్తది."

అన్న కూర్చున్నాడు. స్నేహ మళ్ళీ బ్యాట్‌తో రాగానే "కొట్టు బిడ్డా!" అని అరిచాడు. ఆయనకు అంత గొంతుందని మాకెవరికీ తెలియదు. ఈసారి అది ఔట్ కాకుండా రెండో బేస్ దాకా పరుగెత్తింది.

మ్యాచ్ మాత్రం ఓడిపోయాం రూతూ. ఇంటికి వస్తుంటే ఆటోలో స్నేహ ఏడుపు ముఖంతో కూర్చుంది. అన్న దాని చెయ్యి పట్టుకుని అడిగాడు.

"మళ్లా మ్యాచ్ ఎప్పుడు బిడ్డా?"

నీ పద్మ