అతకని అంచులు

ఫిబ్రవరి 3

ప్రియమైన అక్కా,

పటం పంపుతున్నాను. రెండు ఖండాల తీరాలనూ కంప్యూటర్‌లో తిప్పి తిప్పి చూశాను. చింపిన కాగితం ముక్కల్లా అతికాయి! ఒకప్పుడు అవి ఒకే మహాఖండం. ఏప్రిల్ సదస్సులో ఇది నెగ్గితే విభాగాధిపతి కుర్చీ నాదే. నువ్వెలాగూ ల్యాబులో రాళ్లు పగలగొడుతూనే ఉంటావుగా, పటంతో పంపిన ఈ రెండు రాళ్ల మూటల (తూర్పు ఖండానిదొకటి, పడమటిదొకటి) వయసు కట్టి, ‘సరిపోయింది’ అని ఒక ముక్క రాసి పడేయి.

నీ తమ్ముడు


మార్చి 11

ప్రియమైన తమ్ముడూ, కాబోయే అధిపతీ,

ఒడ్డు ఖండానికి అంచు కాదురా. నీళ్లు పెరిగినా జరుగుతుంది, తగ్గినా జరుగుతుంది. అసలు అంచు సముద్రం అడుగున ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే ముక్క ఇది. నీ తూర్పు మూటలో కొండరాయి వయసు నూటపది కోట్ల ఏళ్లు. ఆ కొండల వరుస పడమటి ఖండంలోనూ కొనసాగాలి కదా? అక్కడి మూటలో ఆ వయసు ఖనిజ రేణువు ఒక్కటీ లేదు. మూడుసార్లు చూశాను. ఆ ఖండాలు ఎన్నడూ కలిసి లేవు. పటం గోడకు బాగుంటుంది, తగిలించుకో.

అక్క


ఏప్రిల్ 29

ప్రియాతిప్రియమైన అక్కగారికి,

సదస్సులో లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. నీ అంకెలు చూపించలేదు. పాత మిషను, అంతకన్నా పాత మనిషి అని నవ్వుతారని. కుర్చీ వచ్చింది. “అది ఓర్చుకోలేదురా” అని నీ గురించి అమ్మే అంది. ఇక ఉత్తరాలు రాయకు.

అధిపతి


డిసెంబర్ 17

ప్రియమైన తమ్ముడూ,

వద్దన్నా రాస్తున్నాను. నీ అతుకుకు నాలుగు వందల కిలోమీటర్లు దక్షిణాన, పడమటి ఖండం తీరానికి దూరంగా, ఒక పరిశోధన ఓడ నిరుడే సముద్రం అడుగు తొలిచి రాయి తీసింది. అడిగి తెప్పించుకున్నాను. నువ్వు తప్పని ఇంకోసారి తేల్చి, ఆ కుర్చీలో ఉండగానే నీ పరువు తీద్దామని.

నూటపది కోట్ల ఏళ్లు, నీ తూర్పు కొండరాయి లాగే. రేణువు తర్వాత రేణువు, అదే వయసు. మళ్లీ మొదటి నుంచీ కొలిచాను, మారలేదు.

ఖండాలు కలిసే ఉండేవిరా. నువ్వు అతికించిన చోటు తప్పు. ఎన్నడూ కలవలేదన్న నా మాట అంతకన్నా తప్పు. అంచు సముద్రం అడుగునని నీకు పాఠం చెప్పి, నేను మాత్రం ఒడ్డు మూటతోనే తీర్పిచ్చేశాను. పటం నీది కాబట్టి. వేరెవరిదైనా అయితే ఆ రోజే ఓడవాళ్లను అడిగేదాన్ని. నిన్ను చులకన చేసే తొందరలో రాయిని సరిగ్గా చూడలేదు.

వ్యాసం రాశాను. ఎవరు ఎక్కడ తప్పారో మొదటి పేరాలోనే ఉంది, ఇద్దరిదీ. నీ సంతకానికి చోటు వదిలాను. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు నిలబడి దాన్ని చదవగలిగితే సంతకం పెట్టు. లేకపోతే హాయిగా కూర్చో, నేనొక్కదాన్నే చదువుతాను.

అక్క