మైళ్ల మీటరు ఈరోజు బిగించకు

విఠల్,

మీటరులో అరిగిన పళ్ల చక్రం మార్చి బాగుచేశావు. అయినా దాన్ని ఈరోజు కారులో బిగించకు. బల్ల మీదే ఉండనివ్వు. స్క్రూలు సాసరులో వేసి, పిల్లలకు అందకుండా అల్మారా మీద పెట్టాను.

మీ అన్న కచేరీలో కొలువు ముగించుకొని వచ్చి అడిగితే వదిన కారులో గుడికి పోయిందని చెప్పు. నేను డ్రైవరు హనుమంతును తీసుకొని సుల్తానాబాద్ పోతున్నాను. నా చెల్లెలు నర్మద బిడ్డను ఈరోజు తొట్టెలలో వేసి పేరు పెడుతున్నారు. మగ్గం నేసే అతన్ని పెళ్లి చేసుకుందని మన ఇంట్లో నర్మద పేరే ఎత్తరు.

మీటరు పనిచేస్తే మీ అన్న రోజూ సాయంత్రం దాన్ని చూసి, "గుడికి పోయి వస్తే రెండు మైళ్లే గదా, గీ మూడో మైలు యాడికెల్లి వచ్చింది?" అని అడుగుతారు. మీటరు చెడిపోయిన ఈ నెలలోనే నర్మదను రెండుసార్లు చూడగలిగాను. నిన్న నువ్వు బాగుచేస్తుంటే పక్కన కూర్చుని, ఇంకేదైనా విరిగితే బాగుండునని మొక్కుకున్నాను. నీ తప్పేం లేదు.

రేపు బిగించు.

జానకి వదిన

తిరిగి రానేమోనని భయపడకు. దీపాల వేళకు వస్తాను. నాకు పోయేందుకు ఇంకో చోటు ఉంటే నిన్ను ఒక్కరోజే అడిగేదాన్నా?