నా మొహం చూసి కొన్న బెల్లం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆస్పత్రికి పోవాలంటేనే భయపడిన ఆ కరోనా రోజుల్లో నువ్వు ఫోనులో చేరిన ‘షుగర్ దోస్తులు’ గ్రూపు ఇంకా నడుస్తూనే ఉంది. నీ నంబరు కూడా అందులోనే ఉంది, నీ ఫోనులో నేనే చదువుతుంటాను. తీసెయ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఈ ఉదయం కార్వాన్ నుంచి ఒకామె కొత్తగా చేరింది. ఇంట్లో లడ్డూలు చేసి అమ్ముతుందట. పోయిన వారమే షుగర్ బయటపడిందట. "రుచి చూడకుండ లడ్డూలెట్ల అమ్మాలె? పని బంద్ చెయ్యాల్నా?" అని అడిగింది.

నువ్వూ మన ఉస్మాన్‌గంజ్ దుకాణంలో కూర్చుని అచ్చం ఇదే అడిగావు, నాలుక మీద పెట్టకుండా బెల్లం ఎలా కొనాలని. ఆనాడు గ్రూపులో నీకు ఉపాయం చెప్పిన, నిన్ను ‘సేఠ్’ అని పిలిచే ఖాలిద్ భాయే ఇవాళ ఆమెకూ చెప్పాడు.

"ఫికర్ చెయ్యకమ్మా. మా సేఠ్ బిడ్డకు తినిపించి, ఆమె మొహం చూసి బెల్లం కొనేటోడు."

నేను వ్యాపారం నేర్చుకున్నది అలాగే కదా బాపూ.

సాయంత్రం ఆమె ఒక ఫొటో పెట్టింది. బుగ్గన లడ్డూతో వాళ్ల అత్తమ్మ, మొహం చిట్లించుకుని. కింద రాసింది: "చక్కెర తక్కువైందని చూడంగనే తెల్సిపోయింది!" గ్రూపంతా ఒకటే నవ్వు.

దుకాణం ఇప్పుడు నేనే చూస్తున్నాను. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా చిన్న ముక్క నోట్లో వేసుకుంటాను. వేసుకుని, ఇప్పటికీ, నీ కుర్చీ వైపు మొహం తిప్పుతాను.