నా గదిలో ఒక్కటే కుర్చీ

గురువారం, ఏలూరు.

ఈరోజు అమ్మగారు నా గదికి వచ్చారు. తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇంట్లోంచి నేను పారిపోయి వచ్చి రెండేళ్ళయింది. అడ్రసు ఎవరు చెప్పారో తెలియదు.

కుట్టు మిషను ఆపి లేచాను. నేను లేచిన కుర్చీలోనే ఆవిడ కూర్చున్నారు.

"మా అత్తయ్యగారు మంచాన పడ్డారే దుర్గా. ఆవిడ అలవాట్లన్నీ తెలిసినదానివి, వచ్చెయ్యి. నిన్నెప్పుడైనా పనిమనిషిలా చూశామా? మా ఇంటి పిల్లవే కదా!"

ఇంటి పిల్లనట! పదకొండేళ్ళు, వాళ్ళు బయటికి వెళ్ళినప్పుడల్లా నన్ను లోపల పెట్టి తాళం వేశారు. జీతమన్న మాటే లేదు. కొల్లేటి లంకలో మా అమ్మ పోతే, ఇంట్లో పెళ్ళి పనులున్నాయని, పెద్దకార్యం కూడా అయిపోయాక చెప్పారు. నేను తాగే గ్లాసు మాత్రం పెరట్లో కుళాయి గట్టు మీద, విడిగా ఉండేది.

మంచినీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నారు గానీ ఒక్క గుక్క తాగలేదు. అలాగే మిషను మీద పెట్టేశారు, నేను కుడుతున్న జాకెట్టు పక్కన.

"నేను రానండి," అన్నాను.

"అంత పెంచితే విశ్వాసమే లేదే నీకు," అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అప్పటినుంచీ సంతోషపడదామని చూస్తున్నాను, కుదరడం లేదు. ఈ గదికి అద్దె కట్టేది నేను. నా వెనకే నా మంచం ఖాళీగా ఉంది. అయినా ఆవిడ కూర్చున్నంతసేపూ గోడ పక్కన చేతులు కట్టుకుని ఉన్నాను. అలా ఉండమని ఆవిడ అననైనా అనలేదు.

రానని చెప్పాను, సరే. నిలబడే చెప్పాను.