మీ నాన్నగారు అడిగిన పాట

అక్కా,

మీ పెళ్లి విందులో పాటలు వేసిన డీజేని నేను. మీ నాన్నగారు పోయారని నిన్న హాలు మేనేజరు చెప్పారు. "నా పెళ్లిలో నాన్న ఒక్క చిందు కూడా వేయలేదు, ఈ పెళ్లి ఆయనకి ఇష్టం లేదు" అని మీరు ఏడ్చారట. అది విన్నాక ఊరుకోలేకపోయాను.

ఆయనకి ఇష్టం లేకపోవడమేమిటక్కా. మధ్యాహ్నం అందరూ ఆడుతుంటే నా బల్ల దగ్గరికొచ్చి ఒక పాత పాట అడిగారు. "మా అమ్మాయి చంటిపిల్లప్పుడు ఏడుపు మానకపోతే భుజాన వేసుకుని దీనికే చిందులేసేవాణ్ణి. ఇవాళ అమ్మాయితో కలిసి ఆడాలనుంది బాబూ" అన్నారు.

నేను పాటలు వేసిన మొదటి పెళ్లి మీదే. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దరువు తప్పకుండా వెళ్లడం అప్పుడప్పుడే చేతికొస్తోంది. ఆ నెమ్మది పాట మధ్యలో పెడితే ఊపు చెడి నలుగురిలో నవ్వులపాలవుతానని భయపడ్డాను. "తర్వాత వేస్తానండీ" అన్నాను. ఆయన స్పీకరు పక్కనే నిలబడ్డారు. మళ్లీ అడగలేదు. మీటల మీద నుంచి నేను తలెత్తేసరికి మిమ్మల్ని కారెక్కిస్తున్నారు.

మిమ్మల్ని సాగనంపి ఆయన లోపలికొచ్చారు. వైర్లు చుడుతున్న నాకు ఒక చెయ్యి వేశారు. "మర్చిపోయానండీ" అని అబద్ధమాడాను. "కొత్త కదా బాబూ, నీ కంగారు చూశాను" అన్నారు.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. తప్పు నాది, ఆయనది కాదు. ఆయన వెళ్తూ అన్న మాట మాత్రం మీకు చేరాలి.

"పర్లేదులే. అమ్మాయి ఇంటికొస్తుందిగా, అప్పుడు ఆడతాం."